అత్తాకోడళ్ళ పాత ఇంగ్లీషు

హోటలు లాండ్రీలో ఆమెని అందరూ సైరనమ్మ అంటారు. ఊరికే అనరు మరి. కింది అంతస్తులో పెద్ద పెద్ద మిషన్లన్నీ ఒక్కసారిగా తిరుగుతుంటే, పక్కనున్న మనిషిని "ఆ దుప్పటి ఇటివ్వు" అనాలన్నా గొంతు చించుకోవాలి. అలా ఏళ్ళ తరబడి చించుకోగా చించుకోగా ఆ గొంతు ఇక చిరగడం మానేసి రాటుదేలిపోయింది. ఇంట్లో ఆమె తుమ్మితే మేడమీదివాళ్ళు దీవించేవారు.

అలాంటి మనిషి ఇంట్లో ఏడాదిన్నరగా చీమ చిటుక్కుమనడం లేదంటే నమ్ముతారా? నమ్మి తీరాలి. కోడలొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పోనీ కోడలేమైనా గయ్యాళా అంటే, అబ్బే, మర్యాదకి మారుపేరు. వచ్చిన చిక్కంతా అక్కడే! ఆ పిల్ల కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. పొద్దస్తమానం వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి "ఇప్పుడు బాగుందాండీ? పోనీ ఇదండీ?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చినా అదే పాట. "టీ పెట్టమంటారా అత్తయ్యగారూ? చక్కెర సరిపోయిందా అత్తయ్యగారూ?" చక్కెర ఎక్కువైందని చెబితే ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని సైరనమ్మ ఏడాదిన్నరగా పాకంలాంటి టీ తాగుతోంది. తను నోరు తెరిస్తే పిల్ల బెదిరిపోతుందని గొంతు కూడా సగానికి సగం తగ్గించుకుంది. ఇల్లు ఇల్లులా లేదు, డాక్టరు కోసం జనం ఎదురుచూసే గదిలా ఉంది.

సైరనమ్మకి ఒకటే కోరిక. ఈ పిల్ల తనతో మనసిప్పి మాట్లాడాలి. నవ్వకపోతే పోనీ, పోట్లాడినా సరే. భయం కూడా ఒకటే. ఇలా అండీ అండీ అంటూనే ఏదో ఒకరోజు "మేం వేరే కాపురం పెడతామండీ అత్తయ్యగారూ" అని అంతే మర్యాదగా చెప్పి, ఉన్న ఒక్క కొడుకునీ తీసుకుని వెళ్ళిపోతుందని. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ కొడుకూ, ఈ ఇల్లూనే. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడుకుంటుంటే చాలు, చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు.

ఇక కోడలికి నాటకాల పిచ్చి. లైబ్రరీ వెనక హాల్లో సాయంత్రాలు రిహార్సళ్ళు. ఈసారి వేస్తున్నది ఎప్పుడో వందల ఏళ్ళనాటి ఇంగ్లీషు నాటకం. రాజులూ, కత్తులూ, నోరు తిరగని మాటలూ. కోడలు అందులో రాణి. ఆడించేది ఒక పళ్ళ డాక్టరు. జనాల చేత నోరు తెరిపించడం ఆయనకి పగలంతా అలవాటే కదా, సాయంత్రం కూడా అదే పని.

ఒకరోజు వాన పట్టుకుంటే, పిల్ల తడిసిపోతుందని సైరనమ్మ గొడుగు పట్టుకుని హాలుకి వెళ్ళింది. స్టేజి చాలా దూరం. గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్! గొడుగు!" అంది. అంతే. స్టేజి మీద ఏడుస్తున్న రాజు ఏడుపు ఆపేశాడు. పళ్ళ డాక్టరు కుర్చీలోంచి లేచి గిరుక్కున తిరిగాడు.

"ఎవరమ్మా అది? దాది దొరికింది!"

సంగతేమిటంటే, రాణిగారి దాది వేషం వేయాల్సినావిడ ఆ వారమే చెయ్యిచ్చింది. సైరనమ్మ హడలిపోయి చేతులు రెండూ అడ్డంగా ఊపేసింది.

"నాకు లాండ్రీ ఇంగ్లీషే వచ్చండీ. టవలు, షీటు, స్టార్చి, టుమారో. అంతకు మించి ముక్క రాదు."

"ఫరవాలేదు. ఈ నాటకంలో ఇంగ్లీషు ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ రాదు," అన్నాడాయన.

ఆమె ఒప్పుకున్నది ఆయన మాటకి కాదు లెండి. రెండో అంకమంతా రాణీ దాదీ పక్కపక్కనే ఉంటారని విని ఒప్పుకుంది. ఇంట్లో ఎలాగూ మాటల్లేవు, స్టేజి మీదైనా ఉంటాయని ఆశ. కొడుక్కి మాత్రం చెప్పొద్దంది. "వాడికి తెలిస్తే పళ్ళికిలిస్తాడు. ఆ రోజే చూస్తాడులే. అందాకా నాకు లాండ్రీలో ఓవర్‌టైమని చెప్పు." కోడలు "అలాగేనండీ" అంది.

పళ్ళ డాక్టరుకి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి విని ఎంతోమంది వేషాలు వదులుకుని పారిపోయారు. పాత మాటలకి అర్థాలు రాసుకుని బట్టీ కొడితే ఆయన ఒప్పుకోడు. ఏ మాటైనా సరే, స్టేజి ఎక్కే ముందు బతుకులో వాడి రావాలి. ఇంట్లోనో, పనిలోనో, నిజంగా అవసరం పడ్డప్పుడు, ఎదురుగా మనిషి ఉండగా వాడాలి. "వాడని మాట పెట్టెలో దాచిన చెప్పుల జత. స్టేజి మీదే మొదటిసారి తొడుక్కుంటే కరుస్తుంది," అనేవాడు. ఎవరు ఏ మాట ఎవరి మీద వాడారో రిహార్సలు మొదట్లో చెప్పించేవాడు. వాడలేదా, ఆ ముక్క నీ వేషంలోంచి కోసేస్తాడు. పళ్ళు పీకే చెయ్యి, జాలి ఉండదు.

సైరనమ్మకి మొదట చిక్కిన మాట 'అనాన్'. అంటే 'ఇదిగో, ఇప్పుడే' అని. లాండ్రీ మేనేజరు మెట్ల మీంచి "మూడో అంతస్తు దుప్పట్లేవీ?" అని అరిస్తే, "అనాన్!" అని అరిచింది. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ 'ఇదిగో వస్తున్నాయి' అంటే పదిసార్లు అడిగేవాడు, ఈ మాటకి నోరు మూసుకున్నాడు! సైరనమ్మకి భలే హుషారొచ్చింది. దుప్పటి మడత పెట్టేటప్పుడు ఇద్దరు చెరో కొసా పట్టుకుని దగ్గరకొచ్చి, చేతులు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి కదా. దగ్గరకొచ్చిన ప్రతిసారీ తోటి మనిషికి ఒక మాట. 'అలాక్' అంటే అయ్యో నా రాత. 'ప్రిథీ' అంటే నీకు పుణ్యముంటుంది, కాస్త ఆ పని చేసిపెట్టు. 'ఫర్‌సూత్' అంటే ఆహా, నువ్వు చెప్పావు నేను నమ్మాను. 'నేవ్' అంటే దొంగవెధవ. వారం తిరిగేసరికి లాండ్రీ అంతా అవే మాటలు. స్టార్చి అయిపోతే "అలాక్!", సెలవు కావాలంటే "ప్రిథీ!", మేనేజరు రేపు కొత్త మిషను వస్తుందంటే అందరూ కలిసి "ఫర్‌సూత్!"

ఇంట్లో మాత్రం బండి ముందుకి కదల్లేదు. రెండో అంకంలో రాణీ దాదీ ఒకరినొకరు తిట్టుకుని తిట్టుకుని దుమ్మెత్తి పోసుకుంటారు. ఆ తిట్లు ఒకరిమీద ఒకరు వాడుకోవాలి. కోడలేమో నోరు విప్పదు.

"రాణి దాదిని 'దౌ' అంటుందండీ. అంటే నువ్వు అనడం. మిమ్మల్ని నువ్వు అని ఎలా అంటానండీ అత్తయ్యగారూ?"

"అనవే తల్లీ. నాటకమేగా?"

"నాకు నోరు రావట్లేదండీ."

శనివారం లోపు వాడకపోతే ఆ తిట్లన్నీ కోసేసి, రెండో అంకాన్ని పావుకి కుదిస్తానని పళ్ళ డాక్టరు తేల్చి చెప్పేశాడు. తిట్లు పోతే దాదికి మిగిలేది రెండు నమస్కారాలూ, ఒక పళ్ళేం మోయడమూ. సైరనమ్మ బెంగపెట్టుకుంది. ఆశపడ్డ కాస్త సావాసమూ పోయేలా ఉంది.

శుక్రవారం పొద్దున్న కోడలు పాలు స్టవ్ మీద పెట్టి, "కాస్త చూస్తుంటారా అత్తయ్యగారూ" అని స్నానానికి వెళ్ళింది. సైరనమ్మ చూస్తూనే ఉంది, పాలని కాదు, చేతిలో ఉన్న నాటకం కాగితాలని. పాలు పొంగి, స్టవ్ నిండి, గట్టు మీంచి కారి, కోడలు ఆ పూట షాపుకి తొడుక్కోవాలని కింద పెట్టుకున్న కొత్త చెప్పుల్లోకి దిగాయి. కోడలు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి చూసింది. చెప్పు ఒకటి ఎత్తి అందులోంచి పాలు వంచింది. తర్వాత ఏడాదిన్నర మర్యాదంతా ఆ పాలలాగే పొంగింది.

"ఫై అపాన్ దీ!" అని అరిచింది. ఛీ నీ బతుకు చెడ, అన్నట్టన్నమాట.

అని నాలుక కరుచుకుని, చేత్తో నోరు మూసుకుంది. సైరనమ్మ కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది.

అప్పుడు సైరనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, లాండ్రీ గొంతు పూర్తిగా తెరిచి, "పీస్, దౌ సాసీ వెంచ్!" అంది. నోర్ముయ్, పొగరుబోతు పిల్లా!

"దౌ స్కర్వీ, మిల్క్-స్పిల్లింగ్ బెల్డమ్!" అంది కోడలు. పాలు ఒలకబోసిన పనికిమాలిన ముసలి గయ్యాళీ, అని.

"నేవ్! వార్లెట్!"

"దొంగవెధవా, తుంటరివెధవా... ఆ రెండూ మగవాళ్ళ తిట్లు అత్తయ్యా!"

"అయితే ఏంటి? నా నోరు, నా ఇష్టం!"

ఇంక చూడండి. ఇద్దరూ పాల మడుగులో నిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి సైరనమ్మ కింద కూలబడింది. కోడలు ఆమెని లేపబోయి తనూ జారిపడింది. లేచాక సైరనమ్మ చెప్పేసింది: "ఏమే, నీ టీలో చక్కెర ఎక్కువ. ఏడాదిన్నరగా చస్తున్నా." "ఏడాదిన్నర నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది కోడలు. ఆ 'నువ్వు' చెవిన పడగానే సైరనమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో సందడే సందడి. ఉల్లిపాయలు కోస్తూ ఒక తిట్టు, బట్టలు ఆరేస్తూ ఒక తిట్టు. మధ్యలో షాపు కబుర్లు, లాండ్రీ కబుర్లు. కోడలు తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే సైరనమ్మ పని మర్చిపోయి వినేది. పళ్ళ డాక్టరు తిట్లన్నీ ఉంచేశాడు. కొత్తవి ఇంకో నాలుగు ఇచ్చాడు కూడా.

అంతా బాగానే ఉంది, ఒక్క కొడుకు తప్ప. పాపం, వాడి సంగతి ఎవరికి పట్టింది? డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే పైనుంచి అమ్మ కేకలు, పెళ్ళాం కేకలు. ఏ భాషో సరిగ్గా తెలియదు గానీ, తిట్టేదని తెలియడానికి భాష రావాలా? తాళం తిప్పిన చప్పుడవ్వగానే లోపల టక్కున నిశ్శబ్దం. ఓవర్‌టైం గుట్టు బయటపడకూడదని ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ సర్దుకునేవారు. వాడు లోపలికొచ్చేసరికి ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉండేవి, కళ్ళల్లో నీళ్ళు. అవి నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళని వాడికేం తెలుసు?

"అమ్మా, అంతా బాగానే ఉందా?" అంటే "ఏముంది? ఏం లేదే!" అని గోడకేసి చూసేది. పెళ్ళాన్ని అడిగితే "మీకెందుకు, పడుకోండి" అనేది. వాడికి తిండి సహించడం మానేసింది. మంచివాడికి బుద్ధి పుడితే అది తిన్నగా పుట్టదు కదా. సరిగ్గా నాటకం రోజు పొద్దున్న, ఇద్దర్నీ కూర్చోబెట్టి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మా ఆఫీసు దగ్గర ఒక ఇల్లు చూశాను. వచ్చే నెల నేనూ తనూ అక్కడికి మారిపోతాం. దూరంగా ఉంటేనే అందరికీ ప్రశాంతం. ఇంటాయనకి రేపు మాట చెప్పాలి."

చెప్పి, ఎవరి జవాబూ వినకుండా చెప్పులేసుకుని పారిపోయాడు.

సైరనమ్మ గుండె గుభేలుమంది. ఎంత కాదనుకున్నా భయపడిందే అయింది. వాడికి ఇంత ఆలోచన ఎక్కడిది, ఈ పిల్ల అడగందే? అంటే ఆ నవ్వులన్నీ నాటకం కోసమేనా? అవతల కోడలు ఏమనుకుంది? కన్నతల్లి చెప్పకుండా ఈ మనిషి ఇల్లు చూస్తాడా, నా నోరు ఎక్కువైందని పొమ్మంటోందన్నమాట, అనుకుంది. ఒక్క ముక్క అడగొచ్చుగా? ఊహూఁ, అడగరు! బండ తిట్లు తిట్టుకోవడానికి అడ్డం రాని నోరు, "నన్ను వదిలి పోతావా" అని అడగడానికి అడ్డం వచ్చింది. కోడలు గిన్నెలు కడిగి, "వస్తానండీ అత్తయ్యగారూ" అని షాపుకి వెళ్ళిపోయింది. సైరనమ్మకి ఆ 'అండీ' చెంప మీద కొట్టినట్టు తగిలింది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. కొడుకు మూడో వరసలో కూర్చున్నాడు, పెళ్ళాం రాణిగా ఎలా ఉంటుందో చూద్దామని. మొదటి అంకం అయింది. రెండో అంకంలో తెర లేవగానే తెల్ల టోపీ పెట్టుకుని చేతిలో పళ్ళేంతో నడిచొచ్చిన దాదిని చూసి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరిచేశాడు. అమ్మ! ఓవర్‌టైంలో ఉండాల్సిన అమ్మ!

రాణి "ఫై అపాన్ దీ!" అంది. దాది "సాసీ వెంచ్!" అంది. హాలంతా నవ్వులు. మెట్ల మీద వాడు విని వణికిపోయిన తిట్లన్నీ అవే, పొల్లుపోకుండా. వాడు తల పట్టుకున్నాడు.

స్టేజి మీద మాత్రం ఆ ఇద్దరికీ నవ్వు రావట్లేదు. పైకి తిట్లు బాగానే పేలుతున్నాయి, లోపల ఒక్కొక్కటీ గుచ్చుకుంటోంది. అంకం చివర రాణి కోపంతో దాదిని శాశ్వతంగా వెళ్ళగొట్టాలి. దాది తలొంచుకుని వెళ్ళిపోవాలి. మళ్ళీ నాటకంలో కనబడదు.

"హై దీ హెన్స్!" అంది రాణి, గుమ్మం కేసి వేలు చూపించి. పో ఇక్కణ్ణుంచి!

దాది కదల్లేదు. పళ్ళేం కింద పెట్టేసింది. తెలుగులో పొద్దున్నుంచీ గొంతులో అడ్డం పడ్డ మాట, ఆ పాత మాటల్లో దానంతటదే బయటికొచ్చింది. కాగితాల్లో లేని మాట, పళ్ళ డాక్టరు నేర్పని వాక్యం.

"ప్రిథీ, మై లేడీ... డస్ట్ దౌ హేట్ మీ? ఇన్ సూత్?"

నీకు పుణ్యముంటుంది చెప్పవే, నేనంటే నీకు అంత కిట్టదా, నిజంగానా? అని. సైరన్‌లాంటి ఆ గొంతు మొదటిసారి బొంగురుపోయింది. అయినా చివరి వరసదాకా వినబడింది.

రాణి చేతిలో విసనకర్ర జారిపడింది. ఆమెకి రాజ్యం గుర్తు లేదు, ఇంగ్లీషు గుర్తు లేదు.

"నాకా? నాకు కిట్టకపోవడమేంటి? నువ్వే కదా అత్తయ్యా, వేరే ఇల్లు చూడమంది!"

"నేనా? నేనెందుకు చూడమంటానే పిచ్చిమొహమా! నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకేం పొద్దుపోతుంది!"

"మరి నేనూ అడగలేదే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరి తలలూ కలిసికట్టుగా మూడో వరస కేసి తిరిగాయి. అక్కడ కొడుకు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"మీరిద్దరూ రోజూ వంటింట్లో కొట్టుకుంటున్నారనుకున్నానే అమ్మా! ఇద్దర్లో ఎవరు పోయినా తట్టుకోలేను, అందుకని..."

"దౌ స్కర్వీ నేవ్!" అంది తల్లి.

"దౌ బ్లాక్-హెడెడ్ వార్లెట్!" అంది పెళ్ళాం. మొద్దుబుర్ర వెధవా, అని.

"ఇంటికి రా, నీ వీపు విమానం మోత మోగిస్తా!" ఇది మాత్రం అచ్చ తెలుగులో, తల్లే అంది. హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. జనమంతా ఇది కూడా నాటకమే అనుకున్నారు. కొడుకు మాత్రం రెండు చేతులూ జోడించి జనానికీ, స్టేజికీ కలిపి దణ్ణం పెట్టి, వెర్రినవ్వు నవ్వుతూ కూలబడ్డాడు.

తెర పక్కన పళ్ళ డాక్టరు జుట్టు పీక్కుంటున్నాడు. "దాదీ, బయటికి! బయటికి రండి!" అని చేతులు ఊపుతున్నాడు. మూడో అంకంలో రాణి ఒంటరిగా ఏడవాలి. దాదిని వెళ్ళగొట్టుకున్నందుకు కుమిలిపోవాలి. నాటకమంతా దాని మీదే నడుస్తుంది.

సైరనమ్మ ఆయన కేసి చూసి, "అనాన్!" అంది. అని వెళ్ళి రాణి సింహాసనం పక్కన పీట లాక్కుని కూర్చుంది.

ఇక ఆ మూడో అంకం ఎలా సాగిందో అడక్కండి. రాజొచ్చి, "రాణీ, నువ్వింత ఒంటరిగా..." అని మొదలుపెట్టి, పీట మీద కూర్చున్న మనిషిని చూసి మిగతా ముక్క మింగేశాడు. శత్రువు కత్తి దూసుకుని వస్తే దాది కళ్ళెర్రజేసింది, వాడు పక్కదారిన పోయాడు. రాణి ఏడవాల్సిన చోటల్లా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పళ్ళ డాక్టరు ఇంకోసారి చెయ్యి ఊపాడు, ఈసారి బతిమాలుతున్నట్టు.

లేద్దామని సైరనమ్మ నిజంగానే అనుకుంది. కానీ రాణి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.